రంగు అనుకున్నాం

మా కొత్తవాడలో చేతులకు రంగు అంటని మనిషి కనిపిస్తే ఎవరింటికో వచ్చిన చుట్టం అనుకుంటాం. జంపఖానాలు నేసే ఇల్లు మాది, నూలుకు రంగు వేయడం అమ్మ పని. చలికాలం పొద్దున చన్నీళ్లలో చెయ్యి పెట్టగానే ఆమె వేళ్లు తెల్లగా పాలిపోయి, కాసేపటికి నీలంగా మారేవి. మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. రంగు వదల్లేదని అమ్మే సబ్బు పెట్టి రుద్దుకునేది. ఇంకో ఇంట్లో అయితే మొదటిరోజే భయపడేవాళ్లు.

వేళ్లు ఉబ్బి పిడికిలి పడకుండా అయ్యాక దవాఖానల చుట్టూ తిరగడం మొదలైంది. ఎముకల డాక్టరు కీళ్లవాతం అన్నాడు. చర్మం డాక్టరు చెంపల మీద ఎర్రమచ్చలు చూసి లూపస్ అనే జబ్బు అన్నాడు. ఒకరు రాసిన మాత్రలు ఇంకొకరు ఆపమన్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఉన్నది ఒక్క మనిషే కదా, ఇలా ముక్కలు ముక్కలుగా చూస్తారేమిటని ఆటోలో దారంతా తిట్టుకునేదాన్ని. అమ్మ మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని ఊరికే కూర్చునేది.

చివరికి హన్మకొండలో ఇలాంటి జబ్బులే చూసే డాక్టరమ్మ దొరికింది. వేళ్ల రంగు గురించి అడిగిన మొదటి మనిషి ఆమె. రక్తపరీక్షలు చూసి, ఇందులో లూపస్ కొంత ఉంది, చర్మం బిగుసుకుపోయే జబ్బు కొంత ఉంది, కండరాల జబ్బూ ఉంది, ఏ ఒక్క పేరూ పూర్తిగా సరిపోదు అంది. ముందు ఊపిరితిత్తుల సంగతి తేలాలట. జబ్బు అక్కడికి పాకకముందే మందు పడాలి, పాకితే పాడైన భాగం మళ్లీ బాగుపడదు.

ఆయాసం వస్తుందా అని ఆమె అడిగితే, అమ్మ మామూలుగా చెప్పింది.

"వస్తది మేడం. పోయినేడు బతుకమ్మ కాడ రెండు సుట్లు తిరగలేక కూసున్న."

స్కానింగులో ఊపిరితిత్తుల కిందిభాగం అప్పటికే గట్టిపడిందని తేలింది. ఇక మిగిలినదాన్ని కాపాడుకోవడమే అంది డాక్టరమ్మ. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఇన్ని దవాఖానలు తిరిగినం, ఈ ఆయాసం సంగతి ఒక్కరికన్నా ఎందుకు చెప్పలేదని అమ్మను గట్టిగానే అడిగాను. ఆమె నా మొహంలోకి వింతగా చూసింది.

"పెద్ద సార్ల ముందట అడగనిది ఎట్ల చెప్త బిడ్డా? ఎవలు ఏది సూపియ్యమంటే అది సూపిచ్చిన."