దొర తెప్పించిన ముళ్లు

మా ఊరు జనగామకూ రఘునాథపల్లికీ మధ్య ఉంటుంది. అప్పట్లో చేల గట్ల నిండా నాగజెముడే. దాన్ని నరకలేక, కాల్చలేక రైతుల నడుములు విరిగేవి. అలాంటి ఊళ్లో మా దొరకు బొంబాయి నుంచి ముళ్ల మొక్కల విత్తనాలు తెప్పించాలని బుద్ధి పుట్టింది. హైదరాబాదులో ఎవరో నవాబు మేడ మీద, పింగాణీ తొట్లలో గుండ్రటి ముళ్ల మొక్కలు చూశాడట. నవాబుకున్న ముళ్లు తనకు లేకపోవడం ఆయనకు అవమానమనిపించింది.

మా నాయిన గడీలో తోటపని చేసేవాడు. అది వెట్టి. కూలి ఉండదు, కాదనడం ఉండదు. ముళ్ల మొక్కలు అరిష్టమని దొరసాని వాటిని గడీలోకి రానివ్వనన్నది.

"అయితె నీ ఇంట్ల పెంచురా. పెద్దగైనంక పట్కరా," అన్నాడు దొర. అరిష్టం మా ఇంటికి పడితే ఫరవాలేదు కాబోలు.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. పొట్లం విప్పితే గింజలు నల్లగా, గసగసాలకన్నా సన్నగా ఉన్నాయి. పెంచే పద్ధతి పొట్లం మీద ఇంగ్లీషులో రాసి ఉంది. దొరకు ఆ భాష రాదు. రాదని ఒప్పుకోవడమూ రాదు. "మట్టిల ఎయ్యి, నీళ్లు బాగ పొయ్యి. గదే రాసున్నది," అన్నాడు. అట్లాగే చేస్తే వారంలో సగం గింజలు కుళ్లిపోయాయి. అందుకు నాయినను పొద్దంతా ఎండలో నిలబెట్టాడు.

తర్వాత నాయిన తన బుర్రనే నమ్ముకున్నాడు. గుట్ట మీద రాళ్ల సందుల్లో జెముడు ఎట్లా మొలుస్తుందో పోయి చూసి వచ్చాడు. వాగు ఇసుక, ఇటుక పొడి కలిపి జల్లించి, పెనం మీద వేయించి, అడుగున చిల్లి పెట్టిన మూకుళ్లలో పోశాడు. గింజల్ని పైపైన చల్లి, మట్టి కప్పకుండా అద్దం ముక్కతో మూశాడు. మూకుడును నీళ్ల పళ్లెంలో కూర్చోబెడితే ఇసుక కిందినుంచి తాగేది. పది రోజులకు పచ్చని చుక్కలు కనిపించాయి. ఏడాదికి అవి బఠానీ గింజంతయ్యాయి.

ఈలోగా ఊళ్లో వెట్టికి ఎదురుగా సంఘం లేచింది. జనం కర్రలు పట్టుకుని గడీ ముందు నిలబడగానే, ఊరంతటినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టిన మా శూరుడు వెనక దర్వాజలోంచి బండెక్కి, జనగామలో రైలు పట్టుకుని హైదరాబాదులో తేలాడు. వెట్టి పోయింది. నాయిన మాత్రం పళ్లెంలో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండేది.

"దొర లేడు గద నాయినా, ఇంకెవలికోసం?"

"దొర కోసమైతె ఎప్పుడో పారేద్దును బిడ్డా. మొలిపిచ్చింది నేను."

రెండేళ్లకు గడీలో సర్కారు తుపాకులవాళ్ల క్యాంపు పడింది. వాళ్ల వెనకాలే దొర దిగాడు, పోయినప్పటికన్నా లావై. సంఘం మనుషుల కోసం ఇల్లిల్లూ వెతుకుతూ, మా ఇంటి చూరులో మిగిలిన గింజల పొట్లం పట్టుకున్నారు. ఒకడు వేళ్ల మధ్య నలిపి, తుపాకి మందు అన్నాడు. దొర తెప్పించిన మొక్కల ఇత్తులని నాయిన ఎంత చెప్పినా వినక, కొట్టుకుంటూ గడీకి తీసుకుపోయారు. అమ్మా నేనూ వెంట పరుగెత్తాం.

దొర ఆఫీసరు పక్కన కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. ఈ పొట్లం మీదేనా అని ఆఫీసరు దొరను అడిగాడు. దొర పొట్లం చూశాడు, నాయినను చూశాడు. ఔనంటే మందు తన మెడకు చుట్టుకుంటుందని భయం.

"నాకు తెల్వది. గీ సంఘపోళ్ల మాటలు నమ్మకుండ్రి."

అమ్మ ముందుకు వచ్చింది. జీవితంలో ఆమె ఆ వాకిట్లో నోరు విప్పింది అదొక్కసారే.

"సార్, జర పొయ్యిల ఏసి సూడుండ్రి. మందైతె మమ్మల్ని కాల్చుండ్రి."

ఆఫీసరు కాసిని గింజలు చాయ్ కాసే పొయ్యిలో విసిరాడు. నువ్వులు వేగినట్టు చిటపటమన్నాయి, అంతే. చూసేసరికి దొర కుర్చీలో లేడు. దాని వెనక ఒదిగి కూర్చుని ఉన్నాడు, పంచె మీద చాయ్ ఒలకబోసుకుని. ఆఫీసరు కడుపు పట్టుకుని నవ్వాడు. నాయినను వదిలేశారు, కానీ అప్పటికే కాలు దెబ్బతిన్నది. చనిపోయేదాకా ఆయన కుంటుతూనే నడిచాడు.

నెల తిరగకుండా దొర జీతగాణ్ణి పంపాడు, తన మొక్కలు పంపమని. నాయిన అరుగు మీదినుంచి లేవలేదు.

"సచ్చినయని చెప్పన్నా."

మొక్కలు ఎదురుగా చూరు కిందే ఉన్నాయి, పదమూడు. జీతగాడు వాటివైపే కాసేపు చూసి, "చెప్త," అని పోయాడు. మళ్లీ ఎవరూ రాలేదు.

మరో రెండేళ్లకు ఎండాకాలంలో రెండు మొక్కలకు గులాబి రంగు పూలు వచ్చాయి. నాయిన కోడి ఈకతో ఒకదాని పుప్పొడి మరోదానికి రాశాడు. ఎర్రటి కాయలు కాచాయి. వాటి గింజలు ఆరబెట్టి, వాడలో అడిగినవాళ్లందరికీ పంచి, ఇసుక ఎట్లా వేయించాలో ఇల్లిల్లూ తిరిగి చూపించాడు. గడీ నుంచి ఎవరూ అడగలేదు. అడిగినా ఇచ్చేవాడు కాదు.