పిండి బల్ల మీద అర్జీ

మా భట్టీ ఉస్తాద్ పోయారన్న కబురు నాకు ప్యాకింగ్ బల్ల దగ్గరే అందింది. గురువారం పొద్దున, రస్కు ప్యాకెట్ల మీద తేదీ స్టాంపు వేస్తున్నాను. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అబ్బా పోయిన్రు" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది. నేను ఏడవాల్సింది. ఒట్టు, ముందు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. మూడేళ్ల కిందట ఓనరుగారితో కుదిరిన ఒప్పందం గడువు తీరిపోయింది. జీతాలు, సెలవులు అన్నీ సోమవారం మళ్లీ మొదటినుంచి మాట్లాడుకోవాలి. మాట్లాడే మనిషి కాస్తా పోయారు. "అయ్యో, ఇప్పుడెట్లా" అన్నది ముందు వచ్చింది నా మనసులోకి, "అయ్యో పాపం" తరవాత వచ్చింది. సిగ్గుగానే ఉంది గానీ ఉన్నమాటే రాస్తున్నాను.

మా బేకరీ అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే దారిలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంటుంది. ముందు అద్దాల షాపు, వెనక రేకుల షెడ్డు. బన్ను కోసం వచ్చే హాస్టల్ పిల్లలకు ఆ షెడ్డు ఉందని కూడా తెలియదు. ఉస్తాద్ ఇరవై ఏళ్లకు పైగా ఆ షెడ్డులో, ఇటుకల భట్టీ ముందు నిలబడ్డారు. మెడలో ఎప్పుడూ తడి రుమాలు. బ్రెడ్డును బోర్లించి, అడుగున వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకునేవారు. "లోపట ఇంక పచ్చిగున్నది, ఏడుస్తున్నది" అని మళ్లీ భట్టీలోకి తోసేవారు. మేం నవ్వేవాళ్లం. విరిగిన బిస్కెట్లను ఒక డబ్బాలో దాచి ప్యాకింగ్ ఆడవాళ్లకు ఇచ్చేవారు. "విరిగినయే తియ్యగుంటయ్ బేటీ" అనేవారు. పచ్చి అబద్ధం. అన్నీ ఒకటే పిండి.

ఆ ఒప్పందానికి ముందు మాకు వారానికో సెలవు అన్నది లేదు. భట్టీ పొగను బయటికి లాగే ఫ్యాను పాడై రెండేళ్లయింది. ఆడవాళ్లం ఐదుగురం, మాకో బాత్రూం లేదు. పక్క కాంప్లెక్సు వాచ్‌మన్‌ను బతిమాలుకుని పోవాలి. అతను ఊరికి పోతే తలుపుకు తాళం. అందుకని ఎదురుగా భట్టీ సెగ కొడుతున్నా పొద్దుటినుంచీ నీళ్లు తాగడం మానేసేవాళ్లం. అడగడానికా, భయం. నా పక్కన కూర్చునే ఆవిడ ఒకసారి రెండు రోజులు సెలవు అడిగింది. మా మేనేజరు "తీస్కో అక్కా, మొత్తమే తీస్కో" అన్నాడు. మర్నాటినుంచి ఆమె చోటు ఖాళీ. అప్పటికి మా ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు. బోరబండలో మా ఇంటి అద్దె, తిండి, మందులు అన్నీ నా ఒక్క జీతం మీదే. నాకు ఆ ఖాళీ చోటు వైపు చూడాలన్నా వణుకు పుట్టేది.

ఉస్తాద్ రెండుసార్లు నోటితో అడిగి చూశారు. ఓనరుగారు "చూద్దాంలెండి" అని నవ్వి ఊరుకున్నారు. మూడోసారి ఉస్తాద్ నా దగ్గరకొచ్చి, "నోటితోని అడిగితే నోటితోనే పంపుతుండు. కాగితమిస్తే జవాబియ్యాలె గద. నువ్వు రాయి" అన్నారు. షెడ్డులో తెలుగు రాయగలిగింది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్లు బీహారు, ఒడిశా మనుషులు. బయటివాళ్లతో రాయిస్తే ఎవరో ఎక్కించారంటారు. పదో తరగతి చదివిన పాపానికి అర్జీ నా నెత్తిన పడింది. జీతం, సెలవు, ఫ్యాను, కాలిన గాయాలకు వైద్యం ఖర్చు అని వరసగా రాశాను. బాత్రూం సంగతి రాయడానికి సిగ్గేసి, ఆఖరున చిన్న అక్షరాలతో ఇరికించాను. ఆయన చదివి వినిపించమన్నారు. అంతా విన్నారు.

"ఆఖర్ది ముందుకు తే" అన్నారు.

"ఉస్తాద్, జీతం గద ముందు?"

"జీతం లేకున్నా నెల దాంక ఆగుతవు. బాత్రూం లేకుంటే ఎంతసేపు ఆగుతవు?"

సరే, తిరగరాసి ఇచ్చాను. ఆ సాయంత్రం ఎవరిదో పుట్టినరోజు కేకు వచ్చింది. పెట్టె మీద పేరు రాస్తూ రాస్తూ నా చెయ్యి ఆగిపోయింది. ఈ బేకరీలో ప్రతి కేకు పెట్టె మీదా పేరు రాసేది నేనే! నా గుండ్రటి రాత ఓనరుగారు రోజూ చూస్తారు. కాగితం విప్పగానే తెలిసిపోతుంది. భట్టీ దగ్గరికి పరిగెత్తాను.

"ఉస్తాద్, జర ఆ కాగితం ఇటియ్యుండ్రి, చింపేస్త. నా రాత సార్‌కు ఎరుకే. నన్ను తీసేస్తే మా ఇల్లు మునుగుతది."

తిడతారనుకున్నాను. ఆయన రుమాలుతో మొహం తుడుచుకుని, "నాకు సుత మస్తు భయమున్నది బేటీ" అన్నారు. "భట్టీల చెయ్యి పెట్టినప్పుడల్లా భయమే. భయం లేనోని చెయ్యే కాలుతది. నువ్వు ఫికర్ చెయ్యకు, నేను రాస్త."

"మీకు తెలుగు రాదు గద!"

"బిస్కెట్లు సుత పుట్టంగనే రాలే."

ఆయనకు వచ్చింది ఉర్దూ ఒక్కటే. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం ముక్క తెలియదు. ఆ మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక, రొట్టెలు ఒత్తే బల్ల మీద చారెడు మైదా చల్లి, నా కాగితం పక్కన పెట్టుకుని వేలితో గీయడం మొదలుపెట్టారు. అవి ఆయనకు అక్షరాలు కావు, బొమ్మలు. 'ళ' చూసి జిలేబీ అనేవారు. ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా అరచేత్తో ఒక్క తుడుపు తుడిచి, పిండి ముద్ద తీసుకుని ఒత్తుతున్నట్టు నటించేవారు. నేను గుమ్మం దగ్గర ప్యాకెట్లు లెక్కపెడుతున్నట్టు నిలబడి కాపలా కాసేదాన్ని. వారం రోజులు ఇదే తంతు. మేనేజరు దగ్గితే చాలు, నా ప్రాణం పైకి పోయేది. వారం తరవాత పెన్ను పట్టి కాగితం మీదికి ఎక్కించారు. వంకర టింకరగా, వరస కిందికి జారుతూ. నా కాగితాన్ని భట్టీలో వేసేశారు.

షాపు మీద గదిలో ఓనరుగారి ముందు ముగ్గురం నిలబడ్డాం. ఉస్తాద్, కేకులు చేసే మాస్టరు, నేను. ఓనరుగారు శ్రీనగర్ కాలనీలో ఉంటారు. కోస్తా మనిషి, మాట మెత్తన. ఆ మెత్తదనమే నాకు ఇంకా భయం.

"ఏంటండీ ఇది? ఎవరు రాశారు?"

"నేనే సార్" అన్నారు ఉస్తాద్.

"మీకు తెలుగు రాదుగా?"

వెనకనుంచి మేనేజరు, "ఈయన సంతకం సుత ఉర్దూలనే సార్" అని అందించాడు. ఓనరుగారు తలెత్తి నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆ గది నేల మీద పలకలు ఏ రంగువో ఇప్పటికీ చెప్పగలను. ఓనరుగారు ఒక పాత బిల్లు వెనక్కి తిప్పి, పెన్ను దాని మీద పెట్టి, "ఏదీ, రాయండి చూద్దాం" అన్నారు.

"నేనే రాశాను సార్" అంటే అయిపోయేది. మూడు మాటలు. నా నోరు పెగల్లేదు. ఉస్తాద్ పెన్ను తీసుకున్నారు. పెన్ను కాగితం మీద టకటక కొట్టుకుంటోంది. ముందు వట్టి వేలితో గాలిలో ఒకసారి గీసుకున్నారు. తరవాత రాశారు. ఒక్కో అక్షరానికీ ఎంతసేపు పట్టిందో! జిలేబీ దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, దాన్నీ చుట్టారు. రాయడం అయ్యాక కాగితాన్ని అటు తిప్పారు. "ఆడవాళ్లకు బాత్రూం కావాలి."

ఓనరుగారు ఆ బిల్లును దగ్గరికి లాక్కుని చదివారు. "ఇది నాతో చెప్పొచ్చుగా" అన్నారు.

"రెండుసార్లు చెప్పినం సార్. మీరు నవ్విన్రు."

ఆయన మొహం ఎర్రబడింది. మా పని అయిపోయిందనుకున్నాను. "కూర్చోండి" అన్నారు. ఆ గదిలో మమ్మల్ని కూర్చోమనడం అదే మొదలు.

మూడు మధ్యాహ్నాలు మాటలు నడిచాయి. మేం అడిగిన జీతం రాలేదు, ఓనరుగారు సగం దాకా దిగొచ్చారు. వారానికో రోజు సెలవు వంతులవారీగా. క్రిస్మస్, కొత్త సంవత్సరం గిరాకీలో మాత్రం సెలవులు అడగబోమని ఉస్తాద్ ఒప్పుకున్నారు. "ఆయన దుకాణం సుత నడవాలె గద" అన్నారు మాతో. ఫ్యాను వచ్చింది, బాత్రూం వచ్చింది. అన్నీ కాగితం మీద పెట్టి, మూడేళ్లకని ఇద్దరూ సంతకాలు చేశారు.

కానీ నాకు గుర్తుండేది ఆ మొదటి రోజే. గది బయటికి రాగానే ఉస్తాద్ మెట్ల మీద కూలబడ్డారు. "కాళ్లు వస్తలేవు బేటీ, జర ఆగు" అన్నారు. పక్కనే కూర్చుని, "ఇంకో లైను రాయమంటే ఏం చేద్దురు?" అని అడిగాను.

"ఆ లైనే మళ్ల రాస్తుంటి. నాకు చూడకుంట వచ్చింది గదొక్కటే."

అమ్మో! అప్పుడు తెలిసింది నాకు, మేం ఎంత సన్నటి దారి మీద నడిచొచ్చామో. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను లోపల నోరు విప్పని సంగతి ఆయన ఆ రోజు ఎత్తలేదు. ఆ తరవాత మూడేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. నాకు బిస్కెట్ల డబ్బా ఇవ్వడమూ మానలేదు. తిట్టి ఉంటే నాకింత బరువు ఉండేది కాదేమో.

ఈ చలికాలం దగ్గు ఎక్కువై పనికి రావడం మానేశారు. డాక్టర్లు ఏమన్నారో నాకు తెలియదు గానీ, ఆ దగ్గు నాకు తెలుసు, ఏళ్ల తరబడి భట్టీ దగ్గర విన్నాను. పోయిన నెల చూడ్డానికి వెళ్తే, "ఫ్యాను తిరుగుతున్నదా?" అని అడిగారు. తిరుగుతున్నదన్నాను. "ఈసారి నువ్వే రాయి" అన్నారు. "నాకు భయం ఉస్తాద్" అంటే, కళ్లు మూసుకునే, "ఉండని" అన్నారు.

గురువారం సాయంత్రమే ఖననం అయిపోయింది. శుక్రవారం పనికి పోయాను. నేను స్టాంపు పెట్టె తెరవకముందే మేనేజరు బల్ల దగ్గరకొచ్చాడు. "ఏమక్కా, సోమవారం మీ దిక్కెల్లి ఎవరొస్తుండ్రు మరి?" అన్నాడు. కొంచెం వంగి, గొంతు తగ్గించి, "అప్పటి కాగితం మీద అక్షరాలు ఉస్తాద్‌యే. మాటలు ఎవరియో సార్‌కు ఎప్పుడో ఎరుకే" అని నవ్వి వెళ్లిపోయాడు. మా ఆయన కాలు అతికింది గానీ పని ఇంకా సరిగా దొరకడం లేదు. ఇల్లు ఇప్పటికీ నా జీతం మీదే నడుస్తోంది. ఏమీ మారలేదు, ఆయన లేరన్న ఒక్కటి తప్ప.

మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డులోకి వెళ్లాను. ఉస్తాద్ రుమాలు ఇంకా మేకుకే ఉంది, ఎండిపోయి బిరుసెక్కి. బల్ల మీద మైదా చల్లాను. వేలితో రాశాను. "భట్టీ దగ్గర పనిచేసేవాళ్లకు ఏడాదికోసారి ఛాతీ పరీక్ష చేయించాలి." అది ముందు. జీతం తరవాత.

వెనక అడుగులు వినిపించాయి. అవి మేనేజరువే, నాకు తెలుసు. తుడిచెయ్యడానికి నా అరచెయ్యి దానంతటదే లేచింది. లేచింది, అలాగే గాలిలో ఉండిపోయింది. కింద పిండిలో అక్షరాలు గుండ్రంగా, కేకు పెట్టెల మీద ఉన్నట్టే ఉన్నాయి. అతను నా భుజం వెనకనుంచి వాటిని చదువుతున్నాడు.