నాకు మిగిలిన గొంతు

మా మందిరంలో పాట ఎత్తుకోవడం ఏళ్ల తరబడి నా పని. బందరులో మేముండే ఇంటికి రెండు వీధుల అవతలే మందిరం. ఆదివారం ఉదయం పాస్టరు గారు ప్రార్థన ముగించి స్త్రీలు కూర్చున్న వైపు ఒకసారి చూసేవారు. ఆ చూపు నా కోసమే. నేను పల్లవి అందుకునేదాన్ని, వెనక డోలక్ కదిలేది, ఆ తర్వాత అందరూ. మైకు లేకపోయినా నా గొంతు రోడ్డు మీదికి వినపడుతుందని చెప్పుకునేవారు.

ఆ గొంతు మా మేనత్త పెంచింది. అవనిగడ్డ దాటి ఇంకా లోపలికి వెళ్లాలి మా ఊరికి. నా చిన్నతనంలోనే అమ్మ పోతే మేనత్తే నన్ను చేరదీసింది. నాట్లు వేస్తూ ఆవిడ పాడేది, గట్టు మీద కూర్చుని నేను అందుకునేదాన్ని. పాటైనా, ప్రార్థనైనా, జడ వేసుకోవడమైనా నాకు ఆవిడ దగ్గరే వచ్చాయి.

తర్వాత చదువుకుని గుడివాడ హైస్కూల్లో తెలుగు టీచరునయ్యాను. పొద్దున్నే రైల్లో వెళ్లడం, సాయంత్రం రావడం. బడి ఉన్న రోజుల్లో క్లాసుల్లో, ఆదివారం మందిరంలో, నా బతుకంతా గొంతు మీదే నడిచింది. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. కాళ్లున్నవాళ్లు కాళ్ల గురించి ఆలోచించరు కదా.

కొన్నేళ్ల క్రితం మెడకు ముందు భాగంలో చిన్న గడ్డ కనపడింది. విజయవాడలో చూపిస్తే థైరాయిడ్ గడ్డ, తీసేయడమే మంచిదన్నారు. ఆపరేషన్ అయింది. భయపడాల్సిందేమీ లేదని రిపోర్టు వచ్చింది. మా ఆయన, కోర్టులో టైపిస్టు, మామూలుగా నలుగురిలో గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు వార్డులో అందరికీ వినపడేలా స్తోత్రం చెప్పారు. నేనూ చెప్పబోయాను. గాలి వచ్చింది కానీ మాట రాలేదు.

డాక్టరు గారు ఏదీ దాచలేదు. స్వరాన్ని కదిలించే నరం గడ్డకు అతుక్కుపోయి ఉందట. ఎంత జాగ్రత్తగా విడదీసినా అది దెబ్బతింది. ఇలా జరగవచ్చని ఆపరేషన్‌కు ముందే చెప్పారు, మేమే ఆ మాట చెవిన పెట్టలేదు. మళ్లీ రావచ్చు, నెలలు పట్టవచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు అన్నారు. గొంతుకు కసరత్తులు నేర్పే ఒకమ్మాయి దగ్గరికి పంపించారు. గ్లాసులో నీళ్లు పోసి, అందులో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా ఊదుతూ 'ఊ' అనాలి. గోడను రెండు చేతులతో నెడుతూ 'ఆ' అనాలి. ఇంతేనా అనిపించింది. ఇంటికొచ్చి చేస్తే ఆ 'ఆ' కూడా రాలేదు.

మందిరం వాళ్లంతా వచ్చి చూశారు. బత్తాయిలు తెచ్చారు, చేతులు పట్టుకుని ప్రార్థించారు. ఒకావిడ ఎంతో ప్రేమగా, విశ్వాసముంటే వచ్చే ఆదివారానికి నువ్వే పాడతావమ్మా అంది. ఆ మాట పట్టుకుని వారమంతా బతికాను. ఆదివారం వచ్చింది. పాస్టరు గారు అలవాటుగా మా వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నారు. కాలేజీలో చదువుకునే ఒకమ్మాయి పాట ఎత్తుకుంది. శ్రుతి బాగా పైన పట్టుకోవడంతో చరణం దగ్గర అందరూ అందుకోలేక అవస్థపడ్డారు. పాపం, ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నేను పెదవులు కదుపుతూ కూర్చున్నాను. నా పక్కన ఒక పాప, నాకేసి వింతగా చూసి, వాళ్లమ్మ చెవిలో ఏదో అడిగింది.

ఆ తర్వాత కొన్ని వారాలు మందిరానికి వెళ్లలేదు. నీరసం అని చెప్పాను. నిజానికి దేవుడితో నాకు మాటల్లేవు. అడిగినవాళ్లకి గొంతు ఇచ్చాడు, అడగనివాళ్లకీ ఇచ్చాడు. ఆయన కోసమే వాడిన గొంతును ఎందుకు తీసుకున్నాడన్నది నా బాధ. మా ఆయన మందిరం నుంచి వచ్చి, ఆ రోజు వాక్యం ఏమిటో నేను అడగకపోయినా చెప్పి, చొక్కా మార్చుకునేవారు. ఒక ఆదివారం ఆయన చెప్పింది నన్ను పట్టుకుంది. పిల్లలు లేని ఒక స్త్రీ దేవుని సన్నిధిలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించింది. చూసిన యాజకుడు తాగి వచ్చిందనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే. ఈసారి మాత్రం ఆ పెదవులు నావే అనిపించింది. ఆ మధ్యాహ్నం వంటింట్లో గట్టు పట్టుకుని, శబ్దం లేకుండానే, చాలాసేపు దేవుడితో మాట్లాడాను. అందులో స్తోత్రం తక్కువ, ఫిర్యాదు ఎక్కువ. అయినా మాటలు మళ్లీ మొదలయ్యాయి.

కసరత్తులు డాబా మీద చేసేదాన్ని. ఇంట్లో చేస్తే మా ఆయన పని ఆపి వింటారని నాకు మొహమాటం. మా డాబాకు ఆనుకుని పక్కింటి డాబా. ఆ ఇంట్లో ఉండే ముస్లిం ఆవిడ కుట్టుపని చేస్తుంది. నాకన్నా పెద్దది, నేను అక్కా అంటాను. ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తూ, నేను గోడను నెడుతూ కీచుమనడం ఆవిడ చూసింది. నాకు సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు. బట్టలు భుజాన వేసుకుని పిట్టగోడ దగ్గరికొచ్చి నిలబడింది.

"మా ఆయనకి పక్షవాతం వచ్చి మాట పోయింది, మీకు గుర్తుందా టీచరు గారూ," అంది.

గుర్తుంది. ఆయన ఆ తర్వాత చాన్నాళ్లు బతికారు. సాయంత్రాలు వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లని పలకరించేవారు. ఆ పలకరింపు మాకు సరిగా అర్థమయ్యేది కాదు, కానీ అది పలకరింపని తెలిసేది.

"ఆయనతో కూర్చుని రోజూ 'మా' అనిపించేదాన్నండీ. ఒక్క అక్షరం. కోపమొచ్చి గ్లాసు విసిరేసేవారు. మర్నాడు మళ్లీ కూర్చునేవాళ్లం. వస్తుందని కాదు. కూర్చోకపోతే ఆయన ఒక్కరే అయిపోతారని."

ఆ రోజు నుంచి సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆవిడ పిట్టగోడకు అవతల పీట వేసుకుని కూర్చునేది. చేతిలో జాకెట్టు, సూది. నేను బుడగలు ఊదుతుంటే ఆవిడ హుక్సులు కుట్టుకునేది. బాగుందనీ చెప్పేది కాదు, బాగా లేదనీ చెప్పేది కాదు. కష్టమొచ్చినప్పుడు ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. మన పక్కన తన పని తాను చేసుకుంటూ కూర్చునే మనిషి దొరకడం అరుదు. వారాలు గడిచాక ఒక సాయంత్రం, గోడను నెడుతుంటే, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నాది కాదనిపించేంత బొంగురుగా, లోతుగా. ఆవిడ సూది ఆపి తలెత్తి నా వైపు చూసింది. తర్వాత ఆవిడ "ఇంకోసారి అనండి," అంది.

సెలవు అయిపోయి బడికి వెళ్లాను. నా భయమంతా పిల్లల గురించే. ఇదివరకు కారిడార్‌లో నేను దగ్గితేనే క్లాసు సర్దుకునేది. ఇప్పుడు నా మాట రెండో బెంచీ దాటదు. బోర్డు మీద ఎక్కువ రాయడం, మిగతాది దగ్గరికి పిలిచి చెప్పడం మొదలుపెట్టాను. పద్యం నేను పాడలేను కాబట్టి వాళ్లచేతే చదివించాను. అప్పుడు తెలిసింది, వెనక బెంచీలో కూర్చునే అమ్మాయిల్లో చాలామందికి పద్యం ఎక్కడ విరవాలో తెలియదని. ఇన్నేళ్లూ నా పాట కింద వాళ్ల తడబాటు నాకు వినపడలేదు. నెమ్మదిగా చదివించాను. కొన్నాళ్లకు నా క్లాసులో పిల్లలు కూడా గొంతు తగ్గించే మాట్లాడేవారు. పక్క క్లాసు మాస్టారు ఒకసారి తలుపు దగ్గరికొచ్చి, లోపల ఎవరూ లేరనుకున్నానండీ అన్నారు.

అంతా బాగుందని కాదు. రైల్లో సీటు జరగమని అడగలేక నిలబడే వెళ్లిన రోజులున్నాయి. ఆటో అబ్బాయికి చిరునామా చెప్పలేక ఫోన్లో రాసి చూపించాను. డాక్టరు గారు మళ్లీ పరీక్షించి, ఇంతవరకూ వచ్చింది, ఇక పెద్దగా మారదేమో అన్నారు. పాత గొంతు రాదని ఆ రోజు రూఢి అయింది. బస్సులో బందరు వచ్చేవరకూ మా ఆయన నా చెయ్యి వదల్లేదు. నేను ఏడవలేదు. అప్పటికే ఆ కొత్త గొంతుతో కొంత పరిచయమైంది.

ఆ వేసవిలో మేనత్తని చూడ్డానికి వెళ్లాను. ఆవిడ కొడుకు దగ్గర ఉంటుంది. బాగా పెద్దదైపోయింది, చెవులు మందగించాయి. అంతకుముందు ఎప్పుడు వెళ్లినా నేను గట్టిగా అరిచి మాట్లాడేదాన్ని, ఆవిడ తల ఊపేది, ఏదో సంబంధం లేని జవాబు చెప్పేది. మేమిద్దరం ఒకరికొకరం అందకుండా పోయామని బాధపడుతూ తిరిగొచ్చేదాన్ని. నా ఆపరేషన్ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎలాగూ వినపడదు కదా అనుకున్నారు.

మంచం పక్కన కూర్చుని, అరిచే శక్తి లేదు కాబట్టి చెవి దగ్గరికి వంగి, "నేనే అత్తా, బాగున్నావా?" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "బాగానే ఉన్నానే. నీకేవైందే, గొంతు మగాళ్లలా ఉంది?"

ఆవిడకి నా మాట వినపడింది. తర్వాత డాక్టరు గారిని అడిగితే, ముసలితనంలో ముందు పోయేవి సన్నని శబ్దాలేననీ, మంద్రంగా దగ్గరగా చెప్పింది కొందరికి తేలిగ్గా అందుతుందనీ చెప్పారు. ఆ మంచం పక్కన నాకివేవీ తెలియవు. జరిగిందంతా చెప్పాను. గడ్డ, ఆపరేషన్, పాట పోవడం. ఆవిడ నా మెడ మీద గీతను వేలితో తడిమింది.

"పాట ఎక్కడికి పోద్దే," అంది చివరికి. "నీకు పైన పాడ్డం అలవాటు. కింద పట్టుకో."

పట్టుకోమంటే అప్పుడే పట్టుకోమని. ఆవిడే మొదలుపెట్టింది, నాట్లలో పాడిన పాట. ఆవిడ గొంతు వణుకుతోంది, నా గొంతు గరగరలాడుతోంది. రెండో చరణం దగ్గర నాకు ఊపిరి చాలలేదు, ఆగాను. ఆవిడ ఆపకుండా పాడుతూ నా కోసం అక్కడే రెండుసార్లు తిప్పింది. మళ్లీ అందుకున్నాను. ఆపరేషన్ తర్వాత నేను పాడిన మొదటి పాట అది. గుమ్మంలో నిలబడ్డ వాళ్ల కోడలు పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

బందరు వచ్చాక ఆ కాలేజీ అమ్మాయిని ఇంటికి పిలిచాను. ఆ పిల్ల భయపడుతూ వచ్చింది. మీ స్థానంలో పాడుతున్నందుకు ఏమైనా అనుకున్నారా ఆంటీ అని అడిగింది. అనుకున్నది నీ మీద కాదని చెప్పి, శ్రుతి ఎక్కడ పట్టుకుంటే పెద్దవాళ్లు కూడా అందుకోగలరో, చరణం ముందు ఎంతసేపు ఆగాలో చూపించాను. ఆ పిల్ల గొంతు నా పాత గొంతు కన్నా మెత్తన. ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఇద్దరం కూర్చుంటాం. ఆదివారం పాట ఆ పిల్లే ఎత్తుకుంటుంది. నేను కింద పట్టుకుని, మగవాళ్ల శ్రుతిలో కలుస్తాను. పాడుతూ పక్కవాళ్లని వినడం నాకు ఈ వయసులో వచ్చింది. ఎవరు ఏ పదం దగ్గర ఆగిపోతారో, ఎవరికి ఏ చరణం దగ్గర కన్నీళ్లొస్తాయో తెలుస్తోంది. ఆరాధన అయ్యాక వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను.

నా గొంతు ఎందుకు పోయిందో దేవుడు నాకింతవరకూ చెప్పలేదు. మంచి కోసమే అని ఎవరైనా అంటే తల ఊపుతాను కానీ, ఆ మాట నేను ఇంకొకరితో అనను. ఓర్పు అంటే పళ్లు బిగించి భరించడం అనుకునేదాన్ని. పోయినదాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, మిగిలినదానితో ఆ రోజు పని మొదలుపెట్టడం కూడా ఓర్పేనని ఇప్పుడు అనుకుంటున్నాను. విశ్వాసం కూడా నాకు అలాగే పెరిగింది, బుడగ మీద బుడగలా. కొన్ని రోజులు అసలు పెరగలేదు.

మొన్నామధ్య గుడివాడలో మా బడి పిల్లవాడొకడి తల్లికి ఇలాంటి ఆపరేషనే అయిందని తెలిసి, సాయంత్రం రైలు వదిలేసి వాళ్లింటికి వెళ్లాను. కూరగాయల దుకాణం నడుపుకునే మనిషి. బేరమాడలేక, గిరాకీని పిలవలేక ఇంట్లో కూర్చుండిపోయింది. నన్ను చూసి లేవబోయి, మాట రాక, చేత్తోనే కూర్చోమంది. నేను మాట్లాడగానే నా గొంతు విని కళ్లు పెద్దవి చేసింది. మీకూనా అన్నట్టు మెడ చూపించింది. అవునన్నాను.

ఒక గ్లాసు నీళ్లు, స్ట్రా అడిగాను. ఆవిడ తెచ్చింది. రెండో గ్లాసు నా కోసం నేనే తెచ్చుకుని, ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను.