ఛార్జిషీటుకు సెలవు చీటీ

తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు టీచరమ్మ హాజరు పిలవకముందే బోర్డు మీద ఐదు మాటలు రాసి చెరిపేసేవారు. స్పెల్లింగు తప్పకుండా వాటిని తిరిగి రాయాలి, ఒక్కో మాటతో సొంతంగా వాక్యం చెప్పాలి. శనివారం ఉత్తరాల పాఠం. ఏడాదంతా అది సెలవు చీటీ దాటి ముందుకు పోలేదు. జరిగినదానికి చింతిస్తున్నాను, దయచేసి మన్నించండి, ఇకమీదట ఇలా జరగదు: నిద్రలో లేపి అడిగినా ఈ వరసలు ఇంగ్లీషులో అప్పజెప్పేదాన్ని.

బెంగాలీ మాట్లాడే రైల్వే ఊళ్లో, మేముండే ట్రాఫిక్ క్వార్టర్లలో అలాంటి పిల్లకి ఇంట్లోనూ పని ఉండేది. నాన్న రైల్వే వర్క్‌షాపులో లేతు మిషను మీద టర్నరు. మా క్వార్టర్ల వరసలో చాలామందికి లాగే ఆయనకీ సంతకం తప్ప ఇంగ్లీషు రాదు. ఆఫీసు కాగితం ఏది వచ్చినా చదివి చెప్పేదీ, జవాబు రాసేదీ బడికెళ్లే పిల్లలే.

ఆ వానాకాలం నాన్నకి ఛార్జిషీటు వచ్చింది. నడుస్తున్న మిషను వదిలి వెళ్లిపోయాడట, దాంతో ఇరుసు పాడైందట. వారంలోగా జవాబివ్వాలి. నేరం రుజువైతే, ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న పైగ్రేడు పరీక్షకు ఆయన్ని కూర్చోనివ్వరు.

"ఊరికే ఎల్లినానేటి? సార్జిమన్ను స్టోరుకి పంపితే ఎల్లినాను. మిషను నాను సూసుకుంతాను, నువ్వు పో అన్నాడు. అది రాయమ్మా. మరియాదగా రాయి, పెద్దోలు సదువుతారు," అన్నాడు నాన్న.

నాకు తెలిసిన మర్యాద ఒక్కటే. మిషను వదిలి వెళ్లినందుకు ఎంతో చింతిస్తున్నానని మొదలుపెట్టాను. నాన్న మీది అధికారి చార్జ్‌మన్ సంగతి మధ్యలో ఒక వరసలో ఇరికించాను. ఈ ఒక్కసారికి మన్నించండి, ఇకమీదట ఇలా జరగదు అని ముగించాను. పొద్దున్నే నాన్న సంతకం పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

ఆ రోజు బోర్డు మీది మాటల్లో 'ఎక్స్‌క్యూజ్' ఉంది. అందరికంటే ముందు లేచి ఆ ఉత్తరంలోని ఆఖరి వాక్యం గడగడా చెప్పేశాను. టీచరమ్మ మెచ్చుకోలేదు.

"ఈ ఒక్కసారికా? ఏటి సేసినావే?"

"నాను కాదండి, మా నాన్న." సంగతంతా చెప్పాను.

"తప్పు మీ నాన్నదేనా?"

"నేదండి."

"మరి మన్నించమని ఎందుకు రాసినావే? నువ్వు నా పెన్ను దొంగిలించినావని నానంటే, దొంగిలించనేదంతావా, ఈసారికి ఒగ్గేయమంతావా?"

తరగతి గొల్లున నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. "ఆల్లు అడిగిందానికి ఔనని రాసి ఇచ్చినట్టే, పిల్లా," అన్నారు.

ఆ తర్వాతి పీరియడ్లలో ఏం చెప్పారో నాకు తెలియదు. కాగితం ఈపాటికి ఎవరి బల్ల మీదికి చేరిందో అనుకుంటూ చెప్పు కాలికి తొడగడం, విప్పడం. సిరాబుడ్డి రెండుసార్లు దొర్లించాను. ఆఖరికి టీచరమ్మనే అడిగి, భోజనం సైరన్‌కు ముందే బయటపడి వర్క్‌షాపు గేటు దాకా పరిగెత్తాను.

సైరన్ కూయగానే సైకిళ్లు వరదలా వచ్చాయి. "ఏయ్ ఖుకీ, సొరే దాఁడా!" అని గేటు దగ్గర కాపలావాడు బెంగాలీలో పక్కకి జరగమంటూ నన్ను గోడవైపు నెట్టాడు. అన్నీ నీలం చొక్కాలే. ఏ మొహం చూసినా నాన్నలాగే ఉంది, ఎవరూ నాన్న కాదు. చివరికి ఆయనే నన్ను చూసి బ్రేకు వేశాడు.

"ఏటమ్మా ఇలగొచ్చినావు? ఇంటికాడ ఏటైనా అయిందా?"

"కాగితం ఇచ్చేసినావా?"

"నేదు. రెండో కాపీ కావాలన్నాడు ఆఫీసులో బడాబాబు, పెద్ద గుమస్తా. సదివి, ఖూబ్ భాలో, శానా బాగుంది, నీ కూతురు దొరసానిలా రాసిందన్నాడు." నాన్న మొహం వెలిగిపోతోంది.

ఆ మొహం చూస్తూ చెప్పడం కష్టమైంది. చెప్పాను. నాన్న కోప్పడలేదు. సైకిలు గోడకి ఆనించాడు.

"సారీలన్నీ తీసేత్తే ఇంకేటి ఉంతాది?"

"చార్జ్‌మన్ పంపినాడనీ, మిషను తను చూస్తానన్నాడనీ."

"అదొక్కటే ఉంతే ఆడి మెడకి సుట్టుకుంతాది." నా వైపు తిరిగి, "ఆడి కూతురు నీ పక్కనే కదే కూకుంతాది?" అన్నాడు.

"ఊఁ."

జనం పలచబడ్డారు. ఇంటికి వెళ్లి తినొచ్చే వేళ లేదు. నాన్న రెండుసార్లు గేటు వైపు చూశాడు, ఒకసారి నా వైపు. "రాయి," అన్నాడు.

నోటుపుస్తకం సైకిలు సీటు మీద పెట్టి రాశాను. ఆయన తెలుగులో ఒక్కో ముక్కే చెప్పాడు, నేను ఒక్కో ముక్కనే ఇంగ్లీషు చేశాను. ఎవరు పంపారు, ఏ పనికి పంపారు, మిషను ఎవరు చూస్తానన్నారు, తిరిగొచ్చేసరికి ఏం జరిగింది. మొత్తం ఆరు వాక్యాలు, రెండు కాపీలు. పాత కాగితాన్ని నాన్న నాలుగు ముక్కలు చేసి కాలవలో పారేశాడు. రెండు కాపీల మీదా సంతకం పెట్టి, తిండి లేకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

ఎంక్వయిరీలో చార్జ్‌మన్ ఒప్పుకున్నాడు. నాన్న మీది కేసు కొట్టేశారు, చలికాలంలో ఆయన పరీక్షకు కూర్చున్నాడు. చార్జ్‌మన్ కూతురు ఎంక్వయిరీ మర్నాడే పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి మారిపోయింది. టీచరమ్మ చూశారు గాని ఎందుకని అడగలేదు. ఆ రోజు నా పక్కన ఖాళీ అయిన చోటే చూస్తూ, బోర్డు మీది ఐదు మాటల్లో మూడే రాయగలిగాను.