మందుగుండు ఓడ గురవయ్య

అర్ధవీడులో టీ దుకాణం దగ్గర గురవయ్య కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు అదే మాట ఎత్తుకుంటారు.

"మామా, నేవీలో ఎంతమందిని ఏసేసినావు?"

ఒక్కరినీ లేదంటే నమ్మరు. సర్కారు రహస్యమేమోలే అని ఒకరికొకరు కన్ను గీటుకుంటారు. గురవయ్యకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఆయన పనిచేసింది యుద్ధనౌక మీద కాదు, యుద్ధనౌకలకు గుండ్లు మోసే ఓడ మీద. అది తన కాలమంతా ఎవరి మీదా ఒక్క గుండు పేల్చి ఎరగదు. విశాఖలో తెలుగు నావికులు దానికి 'పెద్దమ్మ' అని పేరు పెట్టారు. అందరికీ దానితో పనే, పక్కన నిలవనిచ్చేవాళ్లు మాత్రం లేరు. మిగతా ఓడలన్నీ రేవులో ఉంటే దాన్ని ఎర్రజెండా కట్టి దూరంగా లంగరు వేయించేవారు. ఎక్కేవాడి జేబులు తడిమి అగ్గిపెట్టె లాక్కునేవారు. గుండ్లు ఎత్తే రోజున వంటగదిలో పొయ్యి వెలగదు, అటుకులూ అరటిపళ్లే గతి. కార్గిల్ యుద్ధం నాటి వేసవిలో రేయింబవళ్లు గుండ్లు అందించి అందరి చేతులూ బొబ్బలెక్కాయి. నౌకలు కదిలేటప్పుడు బ్యాండు వాయించారు. పెద్దమ్మను మళ్లీ దూరంగా తరిమారు. చివరకు ఏ ప్రమాదమూ జరగకుండానే ముసలిదై పాత ఇనుముకు పోయింది. దాని గొప్పంతా అదే. ఆ ముక్క ఊళ్లో ఎవరికీ ఎక్కదు.

పోయిన ఎండాకాలం తమ్ముడి కొడుకు మోహన్ చేలో బావి లోతు చేయిస్తుంటే బండ పడింది. దాన్ని పగలగొట్టడానికి తూటాలు పెట్టించాడు. ఒకటి పేలలేదు. పేల్చినతను అప్పటికే ఇంకో బావి పని మీద గిద్దలూరు వెళ్లిపోయాడు. మోహన్ బండి మీద పెదనాన్న దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"పెదనాయనా, నువ్వొచ్చి ఆ తూటా తీసెయ్. బాంబుల్లోనే బతికినావు గదా."

"మోసినాన్రా. తీసేది నాకు రాదు. పేల్చినోడినే పిలువు."

"వాడు రేపుగానీ రాడంట. కూలోళ్లు ఊరికే కూర్చోనుండారు."

మాట తెగేటట్టు లేదని గురవయ్య విసుక్కుంటూ బండెక్కాడు. తీరా చూస్తే కూలీలు బావి అంచున బీడీలు కాలుస్తున్నారు. శ్యాంసన్ అనేవాడు గడ్డపార పట్టుకుని అప్పుడే సగం నిచ్చెన దిగాడు. గురవయ్యకు ఒళ్లు మండిపోయింది.

"ఎక్కు పైకి. బీడీలు ఆర్పండ్రా, మీకు బుద్ధుందా? అది పేల్లేదంటే చచ్చిందని కాదు."

శ్యాంసన్ గొణుక్కుంటూ పైకొచ్చాడు. "నేవీ మామ భయపడినాడు" అని వెనక ఎవరో నవ్వారు.

"అవును, భయమే" అన్నాడు గురవయ్య. "మా ఓడలో అందరికీ భయమే. అందుకే అందరం ఇండ్లకు చేరినాము."

అందరినీ చేను దాటించి, తను దూరంగా వేపచెట్టు కింద కాపలా కూర్చున్నాడు. భార్య సంతోషమ్మ మజ్జిగ తెచ్చి చీవాట్లు పెట్టింది. "ఇంట్లో ఉక్కకు ఉండలేనంటావు. ఈడ ఎండలో బావికి కాపలానా? ఎవుడన్నా అడిగినాడా నిన్ను?" ఎవరూ అడగలేదు. పొద్దు వాలేవేళ బావి చుట్టూ ముళ్లకంప వేయించి ఇంటికి పోయాడు.

మర్నాడు పేల్చేవాడు వచ్చి, పాత తూటాకు ఎడంగా ఇంకోటి పెట్టి పేల్చాడు. రెండూ కలిసి లేచాయి. బావిలోనే ఉండిపోయిన నిచ్చెన తునకలై గట్టు మీద పడింది. శ్యాంసన్ ఒక తునక చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

మోహన్ మాత్రం తల గోక్కున్నాడు. "నువ్వు నిన్ననే తీసుంటే ఒక పూట పని కలిసొచ్చేది గదా పెదనాయనా."

గురవయ్య వాడి ముఖంలోకి ఒకసారి చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇంకో నిచ్చెన తెచ్చుకో పో" అని ఇంటిదారి పట్టాడు.