మూడు దినాల నీలం

నాయబ్ రసూల్‌ని మా సందులో అందరూ రాళ్ళ రసూల్ అంటారు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక ఆయన బల్ల, నా గడియారాల కొట్టు పక్కపక్కనే ఉంటాయి. నలభై ఏళ్ళుగా ఆయనది ఒకటే పని, ఉంగరంలో జాతిరాయి పొదగడం. చెప్పేది కూడా ఒకటే మాట. రాయి అడుగు మూయకూడదు, అది వేలికి తగలాలి, తగలకపోతే పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే.

ఏ కాలేజీ పిల్లో ఫోను చూపించి "సెప్టెంబరులో పుట్టినాను, నాకు నీలమంట" అందంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"నెలకో రాయి అని పంచింది యాడనో అమెరికాలో నగలమ్ముకునేటోళ్ళు పాపా, నూరేండ్ల కిందట. మనకు నెల లెక్క యాడుండాది? సూర్యునికి కెంపు, చంద్రునికి ముత్యం, శనికి నీలం. జాతకం సూపిచ్చుకోని రాపో."

మరి నీకేది మామా అని అడిగితే, వేలికున్న ఎర్ర అకీకు రాయి చూపించి నవ్వేవాడు. అది వాళ్ళ నాయన తొడిగినది. దానికి ఏ గ్రహంతోనూ పని లేదు.

జాతకాలు చూసి, ఫలానా రాయి పెట్టుకోమని చీటీ రాసి పంపేవాడు దేవనాథన్. వాళ్ళిద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. పొద్దున్నే నామం దిద్దుకుని వచ్చి, రసూల్ బల్ల ముందు కూర్చుని కాఫీ తాగితే గానీ ఆయనకు రోజు మొదలయ్యేది కాదు.

నీలానికి మా దగ్గర ఒక పద్ధతుంది. అది శని రాయి, అందరికీ పడదు. అందుకని కొనేముందు గుడ్డలో కట్టుకుపోయి మూడు రోజులు తలగడ కింద పెట్టుకుంటారు. చెడ్డ కలలొస్తే తెచ్చి "పడలేదు" అంటారు. ఇక ఎందుకని అడగకూడదు. కాగితం లేదు, సంతకం లేదు, నమ్మకమే.

ఐదేళ్ళ కిందట దేవనాథన్ తన కూతురు రంగప్రియకని ఒక నీలం పట్టుకుపోయాడు. రసూల్ ఏరికోరి కొన్న రాయి అది. నాలుగో రోజున పసుపు గుడ్డ మూట తెచ్చి చేతిలో పెట్టాడు.

"పాపకు పడలేదప్పా. నిద్దర్లో అరుస్తాండాది."

స్నేహితుడు ఇచ్చిన మూట ఆయన ఎదురుగానే విప్పి భూతద్దం పెట్టి చూస్తే ఏం బాగుంటుంది? రసూల్ దాన్ని అలాగే సొరుగులో వేశాడు. రెండు నెలలకు ఏర్పేడు టీచరు రేవతి నీలం అడిగితే, ముందే చూసిన రాయి కదా అని మళ్ళీ చూడకుండా పొదిగి ఇచ్చాడు. ఆమె మద్రాసులో పరీక్ష చేయించింది. అది ఫ్యాక్టరీలో చేసిన నీలం!

"మీరు మంచోరని నమ్మి వచ్చినాను గదా" అని ఆమె ఉంగరం బల్లమీద పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. రసూల్ ఆ ఉంగరం తీసి సొరుగులో వేశాడు. భార్య షహర్‌బాను గాజులు అమ్మి ఆమెకు అసలు నీలం పొదిగి ఇచ్చాడు. ఆ తరువాత వెళ్ళి దేవనాథన్‌ని అడిగాడు.

"నా మిందనే అనుమానమా రసూలూ? నీకు కండ్లు మసకలొచ్చినాయప్పా. కొన్నప్పుడే మోసపోయినావు."

రసూల్ ఆ మాట నమ్మేశాడు. అదే నాకు మండుతుంది. కళ్ళ డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నా నమ్మలేదు, దేవనాథన్ మాటే నమ్మాడు. దేవనాథన్ రావడం మానేశాడు, చీటీలూ ఆగిపోయాయి. రసూల్ రాళ్ళు మారుస్తాడని ఊరంతా పాకింది. ఆ పుకారు ఎక్కడ పుట్టిందో మాకు తెలియలేదు.

పోయిన నెల రంగప్రియ వచ్చింది.

"మామా, ఉంగరం బిగుసుకపోయింది. రవంత పెద్దది చేసియ్యి."

రసూల్ ఉంగరం తిప్పి చూశాడు. అడుగు మూసి ఉంది. "ఎవురు చేసినారు పాపా?"

"నాయన చిత్తూర్లో చేయించినాడు. ఐదేండ్లాయ."

అడుగు కోసి రాయి బయటికి తీసి, భూతద్దం పెట్టాడు. రాయీ భూతద్దమూ నా చేతికిచ్చాడు. రాయి లోపల ఒక మూలన వెంట్రుకంత తెల్లటి గీత. ఐదేళ్ళ కిందట ఆ నీలం కొన్న రోజున రసూల్ నాకు ప్రేమగా చూపించిన గీతే అది.

"నాయన నీకాడికి పోవద్దన్నాడు మామా," ఆ పిల్ల పాపం నవ్వుతూ చెప్పుకుపోతోంది. "నువ్వు రాళ్ళు మారుస్తావంట. ఎవురికైనా అదే చెప్తాడు. నేను మాత్రం నమ్మలా."

నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. రసూల్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాయి పోయినందుకు కాదు. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషి మాట నమ్మి, ఐదేళ్ళు తన కళ్ళను తానే తిట్టుకున్నందుకు.

తీరిగ్గా ఉంగరం పెద్దది చేశాడు. ఆ నీలాన్నే మళ్ళీ పొదిగాడు. ఈసారి అడుగు మూయలేదు. పిల్ల వేలికి తొడిగి, రాయి తగులుతోందా అని అడిగాడు. తగులుతోంది అంది.

తరువాత సొరుగులోంచి పసుపు గుడ్డ తీశాడు. రేవతి తిరిగిచ్చిన దొంగ నీలాన్ని అందులో కట్టి రంగప్రియ చేతిలో పెట్టాడు.

"ఇది మీ నాయనది. ఆయనకియ్యి పాపా."

"ఏమని చెప్పేది మామా?"

"నాకు పడలేదని చెప్పు."