పురికొస గది

ఆ జిల్లాలో ఇంటికి సున్నం వేసుకోవడానికీ, పాడైన తలుపు తీసి అదే కొలతకు కొత్త తలుపు పెట్టుకోవడానికీ ఎవరినీ అడగక్కర్లేదు. మిగతా దేనికైనా పర్మిషన్ కావాలి. వరండాకు కప్పు వేయాలన్నా, గోడలో కిటికీ తెరవాలన్నా, పెరట్లో కోళ్ల గూడు మనిషి నడుం దాటి లేవాలన్నా ప్లానింగ్ ఆఫీసు గడప తొక్కాల్సిందే. కొలతలు కాగితం మీద రాసిస్తే చెల్లదు. కట్టబోయే గదికి నాలుగు మూలలా, కట్టబోయే ఎత్తుకు గుంజలు పాతి, కిందా పైనా పురికొస చుట్టాలి. ఆ గుంజలే కొలత. ఆ పురికొస గది నెల రోజులు ఎండకీ గాలికీ అలాగే నిలబడి ఉండాలి. ఇరుగుపొరుగులు పొద్దునా సాయంత్రం వచ్చి, నీడ ఎక్కడ పడుతుందో, ఎవరి కిటికీ ఎవరింట్లోకి చూస్తుందో తీరిగ్గా పరిశీలించుకుంటారు. నెలాఖరున ఆఫీసు నుంచి ఒకరు వచ్చి, ఆ పెరట్లోనే అందరి ముందూ నిలబడి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని మూడుసార్లు అడుగుతారు. మూడోసారికీ ఎవరూ నోరు విప్పకపోతే గుంజలు కొలిచి పర్మిషన్ రాసిస్తారు. ఇక అయిదేళ్ల దాకా ఆ కొలతను మార్చడానికి లేదు.

గుంజలు ఎవరు పడితే వాళ్లు పాతకూడదు. దానికి లైసెన్సున్న మనిషి ఉంటాడు. దరఖాస్తు పెట్టినవాళ్లు ఎక్కడ చెబితే అక్కడ, అంగుళం అటూ ఇటూ కాకుండా పాతడం అతని పని. ఆ చుట్టుపక్కల ఆ పని చేసేది గుంజలాయన. మనం చెప్పుకోబోయేది ఆయన గురించి కాదు, ఆయన భార్య గురించి. కానీ ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు ఆయన గొప్ప కొంత చెప్పక తప్పదు. ఆవిడ బతుకంతా అలాగే గడిచింది మరి.

ఆ గొప్ప ఉత్తది కూడా కాదు. మిల్లు యజమాని తన గోడౌనుకు గుంజలు పాతించుకుంటూ, వెనకింటివాళ్లు గొడవ చేయకుండా ఒక మూలను జానెడు లోపలికి చూపించమనీ, కట్టేటప్పుడు తను చూసుకుంటాననీ మెల్లగా చెవిలో వేశాడు. గుంజలాయన గడ్డపార భుజాన వేసుకుని వచ్చేశాడు. సొంత తమ్ముడు పశువుల పాకకు అలాంటి సాయమే అడిగితే, అందరూ వింటుండగా కాదన్నాడు. అప్పటినుంచి తమ్ముడికీ ఆయనకూ మాటల్లేవు. ఆఫీసువాళ్లు ఆయన పాతిన గుంజల దగ్గరికి వస్తే టేపు తీయడం కూడా లాంఛనమే అనుకునేవారు.

ఆయన భార్యను అందరూ టేపక్క అంటారు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. ఆ టేపుతోనే సంతకు వెళ్తుంది, ఆ టేపుతోనే వంట చేస్తుంది. కుట్టుపని తల్లి దగ్గర నేర్చుకుంది. ఆ ఇల్లు కూడా తల్లిదే, ఆవిడ పోయాక కూతురి పేరున వచ్చింది. బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రివాళ్ల తెల్లకోట్లు, కిటికీ తెరలు, ఎవరేం తెచ్చినా కుట్టేది. ఇల్లు చిన్నది. కుట్టడానికి భోజనాల బల్ల తప్ప ఇంకో చోటు లేదు. పొద్దున ఫలహారం అయ్యాక బల్ల తుడిచి మిషను ఎక్కించడం, మధ్యాహ్నం దించడం, మళ్లీ ఎక్కించడం, రాత్రికి దించడం. మిషను ఇనుప ముద్ద. ఎత్తీ దించీ ఆవిడ కుడిభుజం ఎడమభుజం కన్నా కిందికి జారింది. కత్తిరించిన ముక్కలు మంచం మీద, మంచం మీది దుప్పట్లు కుర్చీల మీద, కుర్చీల్లో కూర్చోవాల్సిన మనుషులు గుమ్మంలో. ఒకసారి డాక్టరు గారి కోటు కాలరు మీద కూర ఒలికి, ఆ కాలరంతా విప్పి కొత్తది వేసిచ్చింది. ఆ రోజు తప్ప ఆవిడ విసుక్కోగా విన్నవాళ్లు లేరు.

పిల్లలిద్దరూ ఎదిగి వాళ్ల దారిన వాళ్లు వెళ్లాక, ఆవిడ మొదటిసారి తనకంటూ ఒకటి అడిగింది.

"ఏమండీ, పెరటి వైపు ఒక గది వేసుకుందాం. పొడుగు పన్నెండడుగులు చాలు. ఎనిమిదడుగుల కత్తిరింపు బల్ల, దాని చివర మిషను. ఇక ఎత్తడాలూ దించడాలూ ఉండవు."

"దానికేం భాగ్యం," అన్నాడు గుంజలాయన. "నా చేత్తో నేనే పాతుతాను."

ఆవిడ పేరున దరఖాస్తు వెళ్లింది. యూనిఫారాలు బడికి ఇచ్చి వచ్చేసరికి పెరట్లో నాలుగు గుంజలు నిలబడి ఉన్నాయి, పురికొస తీగలా బిగిసి ఉంది. ఆవిడ చేతిలో ఖాళీ సంచి అలాగే పట్టుకుని, పురికొస దాటి లోపలికి వెళ్లి నిలబడింది. లేని కిటికీలోంచి బయటికి చూసింది.

"చిన్నగా ఉన్నట్టుంది కదూ?" అంది.

"గోడలు లేనప్పుడు అందరికీ అలాగే అనిపిస్తుంది. లేచాక చూడు," అన్నాడాయన. అది నిజమే. గుంజలు పాతిన ప్రతి ఇంట్లోనూ ఆయన ఆ మాట చెబుతాడు. ఆవిడ నమ్మింది. కట్టుకున్న మొగుడని కాదు, గుంజలాయన అని నమ్మింది.

నెలలో సగం రోజులు ఆ పురికొస గదిలోనే కాపురం పెట్టినంత పని చేసింది టేపక్క. గుండీలు కుట్టడం, కాజాలు తీయడం లాంటి చేతిపనులు కుర్చీ వేసుకుని అక్కడే చేసేది. వచ్చినవాళ్లను "ఇటు గుమ్మంలోంచి రండి" అని పిలిచేది. వాళ్లూ నవ్వుతూ, లేని గుమ్మంలోంచే వచ్చేవారు.

ఆ రోజుల్లోనే వడ్రంగి కొత్త బల్ల తెచ్చేశాడు. తన షెడ్డు కారుతోందట, చెక్క తడిస్తే వంకర పోతుందట. పైన టార్పాలిన్ కప్పుకోవచ్చులే, ఎక్కడ ఉండాల్సింది అక్కడే దించమంది ఆవిడ. బల్ల ఒక పురికొసను ఆనుకుని పడింది. చివర మిషను స్టాండు పెట్టింది. స్టాండు ముందు కుర్చీ వేసింది. కుర్చీ పురికొస అవతల పడింది.

"బల్ల పొడుగు చేశావా ఏంటి?" అని వడ్రంగిని అడిగింది.

"ఎనిమిదంటే ఎనిమిదే అక్కా. పన్నెండడుగుల గదికి సరిగ్గా సరిపోతుందని నువ్వే కదా చెప్పావు."

మెడలో టేపు తీసి కొలిచింది. పదడుగులు వచ్చింది. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగిపోతాయి, అప్పుడు కొలత తక్కువ చూపిస్తుంది. కుట్టుపనివాళ్లందరికీ తెలిసిన సంగతే. టేపు సాగిందనుకుని లోపలికి వెళ్లి, ఇంకా విప్పని కొత్త టేపు తెచ్చి కొలిచింది. మళ్లీ పదే. వడ్రంగి తన ఇనుప టేపు అందించబోతే వద్దంది. తన కళ్లను అనుమానించింది, రెండు టేపులను అనుమానించింది, మొన్నటి గాలివానను కూడా అనుమానించింది. ఆయన్ని మాత్రం అనుమానించలేదు.

సాయంత్రం ఆయన రాగానే మెల్లగా అంది, "ఆ చివరి రెండు గుంజలూ గాలికి జరిగినట్టున్నాయండీ."

"నేను పాతినవి జరగడమేంటి?" అన్నాడాయన, కాస్త నొచ్చుకుని. అని, తన మాటలో తనే ఇరుక్కున్నట్టు ఆగిపోయాడు.

తర్వాత ఆయనే నీళ్లు నములుతూ చెప్పాడు. గోడ అవతల ఉండేది రిటైరైన పోస్టుమాస్టరు. రోజూ సాయంత్రం ఈయనతో చదరంగం ఆడతాడు. గుంజలు పాతే రోజు పొద్దున్నే గోడ మీంచి పలకరించి, గది అంత దూరం వస్తే తన గులాబీ మొక్కలకు ఎండ రాదని బాధపడ్డాడు. ఈయన సరేనన్నాడు.

"రెండడుగులే కదా. నువ్వు సర్దుకుంటావనుకున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే బాధపడతావని."

"మిల్లు ఆయనకి జానెడు జరపనన్నారు. మీ తమ్ముడికి జరపనన్నారు. మరి నా దగ్గర ఎలా జరిగిందండీ గుంజ?"

"అది వేరు. పరాయివాళ్ల చోటులో వేలు పెడితే తప్పు. ఇది మనది."

ఎదుటివాళ్ల పెరట్లో అంగుళాన్ని అంగుళంగా చూసిన మనిషి, ఆవిడ పెరట్లో రెండడుగులను తన జేబులో చిల్లరలా తీసి ఇచ్చేశాడు. ఊరందరికీ కాదు, కాదు అని చెప్పి చెప్పి ఆయనకీ విసుగు పుట్టి ఉంటుంది. ఎక్కడో ఒకచోట సరే అని మంచివాడు అనిపించుకునే సుఖం కావాల్సి వచ్చింది. ఆ సుఖానికి ఆవిడ గది దొరికింది.

"మళ్లీ పన్నెండుకి జరపండి," అంది.

"ఇప్పుడు జరిపితే నెల మళ్లీ మొదటినుంచి లెక్క. పైగా ఎందుకు జరిపావని ఆఫీసులో అడుగుతారు. చెప్పినచోట పాతలేదంటే లైసెన్సు ఉంటుందా? ఇన్నేళ్ల పేరు పోతుంది. ఈ ఒక్కసారికి ఊరుకో."

ఆవిడ ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకు చేతనైన పనే. మిషను అడ్డంగా పెట్టుకుంటే ఎలా ఉంటుంది, బల్ల ఒక చివర కోయించేస్తే ఎలా ఉంటుంది అని మనసులో లెక్కలు వేసుకుంటూ మిగిలిన రోజులు గడిపింది. కుర్చీ మాత్రం మళ్లీ పురికొస లోపల వేయలేదు.

నెలాఖరు వచ్చింది. పెరట్లో జనం చేరారు. ప్లానింగ్ ఆఫీసు నుంచి రావాల్సిన ఆఫీసరమ్మ ఇంకా రాలేదు. టేపక్క అందరికీ టీ ఇస్తోంది. పోస్టుమాస్టరు గ్లాసు అందుకుంటూ ఆప్యాయంగా, "చాలా పెద్ద మనసమ్మా నీది," అన్నాడు. "నా గులాబీలు బతికిపోయాయి. నేను ఆ రోజు మీ ఆయనతో అన్నాను కూడా, అమ్మాయిని ఒక మాట అడగవయ్యా, గది తనది కదా అని. ఆయనేమన్నాడో తెలుసా? దాన్ని అడిగేదేముందండీ, నేను ఎంత ఇస్తే అంతలో కుట్టుకుంటుంది అన్నాడు." అని హాయిగా నవ్వాడు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే.

టేపక్క నవ్వలేదు. చెబితే బాధపడుతుందని చెప్పలేదన్న మాటను ఆవిడ ఇన్నాళ్లూ ఎలాగోలా దిగమింగుకుంది. ఈ మాట గొంతు దిగలేదు. ట్రే అరుగు మీద పెట్టి, వెళ్లి గుంజ పక్కన నిలబడింది.

ఆఫీసరమ్మ వచ్చింది. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అంది. ఎవరూ పలకలేదు. రెండోసారి అడిగింది. మూడోసారి అడుగుతూనే సంచిలోంచి కాగితం తీస్తోంది.

"నాకుందండి," అంది టేపక్క.

జనం గొల్లుమని నవ్వారు. ఆఫీసరమ్మ కూడా నవ్వింది. "మీ గదికి మీరే అభ్యంతరం చెబితే ఎలాగమ్మా?"

"నేను అడిగింది పన్నెండడుగులు. ఇది పది."

నవ్వులు ఆగాయి. ఆఫీసరమ్మ గుంజలాయన వైపు తిరిగి, "ఏమిటండీ ఇది?" అంది.

టేపక్క ఆయన మొహంలోకి చూసింది. ఇంతదాకా వచ్చాక నిజం చెబుతాడనే అనుకుంది. పోయేది లైసెన్సైనా సరే, ఇంకేదైనా సరే, అబద్ధం ఆడే మనిషి కాదు. ఆ ఒక్క నమ్మకం ఆవిడ దగ్గర ఇంకా మిగిలి ఉంది.

"పదే చెప్పిందండి," అన్నాడు గుంజలాయన, పురికొస వైపు చూస్తూ. "ఇప్పుడు చాలదనిపిస్తోంది కాబోలు."

ఆఫీసరమ్మ టేపక్క భుజం మీద చెయ్యి వేసింది. "ఒకసారి గుర్తు తెచ్చుకోండమ్మా. ఈయన పాతిన గుంజల్లో ఇంతవరకూ అంగుళం తేడా చూడలేదు నేను." అవునవునని జనం తలలూపారు. పోస్టుమాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వడ్రంగికి సగం పనులు గుంజలాయన చలవతోనే వస్తాయి, అతను తన బల్లనే కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాడు. మిల్లు ఆయన్ని కాదని, తోడబుట్టినవాణ్ని వదులుకుని సంపాదించిన నిజాయితీ అంతా ఆ పూట అక్కడ పనికొచ్చింది. ఆవిణ్ని అబద్ధాలకోరును చేయడానికి పనికొచ్చింది.

టేపక్క ఏడవలేదు, వాదించలేదు. వాదించడానికి ఆవిడ పక్కన ఎవరూ లేరు.

"అయితే దరఖాస్తు వెనక్కి తీసుకుంటానండి," అంది. "నా పేరునే ఉంది కదా, తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు. కానీ మళ్లీ పెట్టుకోవాలంటే ఏడాది ఆగాలి."

"ఆగుతాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే రాసుకోండి. అప్పుడు గుంజలు వేరే మనిషి చేత పాతించండి."

వడ్రంగి తలెత్తాడు. గుంజలాయన తల అప్పుడు వంగింది. అందరూ ఆవిడ వైపు చూడడం మాని ఆయన వైపు చూడసాగారు.

ఆఫీసరమ్మ కలం తీసింది. "ఎవరి పేరు రాయమంటారు?" అని మెల్లగా అడిగింది.

"ఎవరైనా సరేనండి," అంది టేపక్క. "పరాయివాడైతే చాలు."